ఇంకో స్మార్ట్ డస్ట్‌బిన్ చేసే ముందు ఈ వీడియో చూడండి

(టేబుల్ మీద ఒక చెత్తబుట్ట, మూత మీద రెండు కళ్లలాంటి సెన్సర్)

దీన్ని గుర్తుపట్టారా? బీటెక్ చదివినవాళ్లు గుర్తుపట్టకపోతేనే ఆశ్చర్యం. చెయ్యి దగ్గరికి తెస్తే మూత తెరుచుకుంటుంది, నిండితే ఫోనుకు మెసేజ్ వెళ్తుంది. నేను జడ్జిగా వెళ్లిన ప్రతి ప్రాజెక్ట్ ఎక్స్‌పోలోనూ ఇలాంటిది కనీసం ఒకటి ఉంటుంది, ఒకసారైతే ఒకే హాల్లో నాలుగు. పాపం ఆ నాలుగు టీములూ ఒకరి స్టాలు వైపు ఇంకొకరు చూడకుండా రోజంతా గడిపేశారు.

ఎగతాళి చేయట్లేదండీ. చదువుకునే రోజుల్లో నేను చేసింది మొక్కలకు నీళ్లు పోసే మెషీన్, అది రెండో రోజే ల్యాబంతా తడిపేసింది.

ఈ బుట్ట సంగతేంటంటే, మూత కింద ఉన్న ఇంకో సెన్సర్ మన చెవికి వినపడని శబ్దాన్ని, అంటే 40,000 హెర్ట్జ్‌ది, కిందికి పంపి అది చెత్తకు తగిలి తిరిగి రావడానికి ఎంత టైమ్ పట్టిందో చూసి దూరం లెక్కేస్తుంది. ఎక్స్‌పోలో కాగితం ఉండలు వేసి చూపిస్తారు కాబట్టి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మన వీధి చెత్త అలా ఉండదు కదా. ఒక క్యారీబ్యాగ్ గాలికి ఉబ్బి పైకి లేచిందంటే బుట్ట నిండిపోయిందంటుంది. మెత్తటి పాత గుడ్డ పడిందంటే శబ్దం సరిగ్గా తిరిగి రాక తికమకపడుతుంది. సరే, ఇవి సర్దుకోగలిగిన విషయాలే.

అసలు చిక్కు వేరే ఉంది. ఒక టీమును అడిగాను, మెసేజ్ ఎవరికి వెళ్తుందమ్మా అని. "మున్సిపాలిటీకి సర్" అన్నారు. మున్సిపాలిటీలో ఎవరికి? ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చెత్త ఆటో నడిపే అన్న పొద్దున్నే బయల్దేరి తన రూటులో తాను వెళ్తాడు, బుట్ట నిండినా నిండకపోయినా ఆ వీధికి వస్తాడు, మధ్యాహ్నం రెండింటికి ఫోను టింగ్‌మంటే ఆయన ఏం చేయాలి? ఆయనతో ఒక్కసారైనా మాట్లాడారా అంటే, లేదు సర్.

నాకు ఇక్కడే కోపం వస్తుంది, పిల్లల మీద కాదు, మనం వాళ్లకు నేర్పే వరస మీద. దేశంలో పిల్లలు తమ చేతులతో పరికరాలు చేసి చూసే అటల్ టింకరింగ్ ల్యాబులు 10,000కు పైగా స్కూళ్లలో ఉన్నాయి, విద్యార్థుల పోటీ స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ 2017 నుంచి జరుగుతోంది, అంటే సామాన్లకూ స్టేజీకీ కొదవలేదు. కానీ మనం ముందు సెన్సర్ చేతికిచ్చి, తర్వాత దీనికి తగిన సమస్య వెతుక్కో అంటున్నాం. అడగాల్సింది ఇది: సెన్సర్ చూపించే అంకె చూసి ఎవరు, ఏ పని మార్చుకుంటారు? నన్నడిగితే, ఈ ప్రశ్నకు మనిషి పేరుతో సహా జవాబు దొరికేదాకా వైర్లు అతికించే సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గులో పెట్టకూడదు.

(స్క్రీన్ మీద: అరచేతిలో పట్టే తెల్ల పెట్టె, చిన్న ఫ్యాను)

ఇప్పుడు గాలి సంగతి. నేను సాయం చేసిన ఒక స్కూల్లో తొమ్మిదో తరగతి అమ్మాయిలు ముగ్గురు. పొద్దున ప్రేయర్ టైముకు గ్రౌండంతా పొగ వాసన, ఇద్దరు ముగ్గురు పిల్లలకు దగ్గు. వీళ్ల ప్రశ్న చాలా చిన్నది. ఇవాళ ప్రేయర్ బయట పెట్టాలా, క్లాసుల్లోనే పెట్టాలా? తేల్చేది పీఈటీ సార్. చూశారా, మనిషి దొరికాడు, పని దొరికింది, టైమ్ కూడా దొరికింది, 8:40.

పొగలో మనకు హాని చేసేవాటిలో ముఖ్యమైనవి పీఎం 2.5 అనే సన్నటి కణాలు, 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్నవి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). తల వెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లు అనుకుంటే ఇవెంత చిన్నవో ఊహించుకోండి, ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. మన దేశంలో ఒక ఘనపు మీటరు గాలిలో ఇవి రోజు సగటున 60 మైక్రోగ్రాములు దాటకూడదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 15. ఎస్‌డీఎస్ 011 అనే చవక సెన్సర్ లోపల ఒక లేజర్, ఒక ఫ్యాను ఉంటాయి, ఫ్యాను గాలిని లాగుతుంది, కణాలకు తగిలి వెలుగు చెదిరిపోతుంది, ఆ చెదిరిన వెలుగును బట్టి లెక్క. జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో 2015లో మొదలైన గాలిని కొలిచే ప్రాజెక్టులో మామూలు జనం తమ ఇళ్ల దగ్గర పెట్టుకున్నదీ దీన్నే.

పిల్లలు ఈ సెన్సర్‌తో పెట్టె బిగించారు, సంబరపడ్డారు, డిసెంబరులో ఒక పొద్దున చూస్తే అంకె ఆకాశాన్నంటింది. పొగ లేదు, వాసనా లేదు. బయట మంచు మాత్రం దట్టంగా ఉంది! ఆ లేజర్‌కు పొగ కణమేదో నీటి తుంపరేదో తెలియదు, పైగా తేమ పీల్చుకుని దుమ్ము కణాలు కూడా ఉబ్బుతాయి. సెన్సర్ తయారుచేసినవాళ్లే కాగితం మీద రాశారు, పనిచేసే చోట తేమ 70 శాతం దాటకూడదని. విశాఖలోనో కాకినాడలోనో ఉన్నవాళ్లకు నవ్వొస్తుంది కదూ, అక్కడ 70 కన్నా తక్కువుండే రోజు కోసం కాచుక్కూర్చోవాలి.

దాంతో పక్కనే తేమ కొలిచే ఇంకో చిన్న సెన్సర్ పెట్టారు. అప్పుడు తెలిసిన విషయం నాకూ కొత్తే. మంచు వల్ల అంకె పెరిగితే రాత్రంతా తేమతో పాటే మెల్లగా పైకి పోయి, ఎండ పొడిచాక మెల్లగా దిగుతుంది. పొగైతే తేమతో పని లేకుండా ఐదు పది నిమిషాల్లో నిట్టనిలువుగా లేచి, మంట ఆరగానే పడిపోతుంది. అంటే ఆ ఒక్క అంకెను నమ్మడం కన్నా, గ్రాఫులో గీత ఎలా లేచిందో చూడటం మేలు.

లేజర్ ఆయుష్షు 8,000 గంటలు, ఆపకుండా నడిపితే ఏడాది కూడా రాదు. వీళ్లు ఐదు నిమిషాలకోసారి 30 సెకన్లు మాత్రమే లేపి, మిగతా టైమంతా నిద్రపుచ్చారు. రెండు పెట్టెలు చేసి వారం రోజులు పక్కపక్కనే పెడితే రెండూ రెండు రకాలుగా చెప్పాయి, ఆ తేడా ఎంతో రాసుకుని సర్దారు. చాలా టీములు ఈ వారం రోజుల పని ఎగ్గొట్టి డైరెక్టుగా యాప్‌కు రంగులు వేస్తాయి.

ఇంతకీ పొగ ఎక్కడిది? అందరం గోడవతల ఖాళీ ప్లాట్లో చెత్త కాలుస్తున్నారనే అనుకున్నాం. గీత మాత్రం స్కూలున్న రోజుల్లోనే, అదీ ఎనిమిది దాటాక లేస్తోంది, ఆదివారం లేదు. పిల్లలు ఒక రోజు 7:45కే వచ్చి కూర్చున్నారు. గ్రౌండులో ఊడ్చిన ఎండుటాకులను మన స్కూలువాళ్లే వెనకాల కుప్పపోసి కాలుస్తున్నారు. ఇక యాప్ అవసరమే పడలేదు, ఓ మూల గుంట తీసి ఆకులు అందులో వేయిస్తున్నారు. పీఈటీ సార్ కాస్త నిరాశపడ్డారు, ఫోనులో మెసేజ్ వస్తుందని ఎదురుచూశారట.

(స్క్రీన్ మీద: ఎండిన చేను, బోరు)

కొలిచినవాడే నిర్ణయం తీసుకుంటే ఏమవుతుందో చూడాలంటే మన దగ్గరే ఒక మంచి ఉదాహరణ ఉంది. 2003 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, అనంతపురం, మహబూబ్‌నగర్, ప్రకాశం లాంటి ఏడు కరువు జిల్లాల్లో, 600కు పైగా ఊళ్లలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో రైతులే తమ బోర్లలో నీరు ఎంత లోతులో ఉందో, వాన ఎంత పడిందో కొలిచి రాసుకున్నారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, భూమిలో ఇంత నీరుంది, మనం వేద్దామనుకుంటున్న పంటలకు ఇంత కావాలి అని కూడికలు తీసివేతలు చేసేవాళ్లు. వరి తగ్గించమని ఎవరూ ఆర్డరు వేయలేదు. తీసివేత ఫలితం కళ్లముందు కనపడ్డాక చాలామంది తక్కువ నీటి పంటల వైపు వాళ్లంతట వాళ్లే వెళ్లారు.

దీంట్లో విద్యార్థులు చేయగలిగిన పని బోలెడుంది, సిగ్నల్ లేకపోయినా పనిచేసే, తెలుగులో మాట్లాడితే అంకె రాసుకునే, ఆ లెక్క వేసి పెట్టే ఒక సాదా ఫోను ప్రోగ్రామ్. ఎక్స్‌పోలో మెరవదు, నిజమే.

ఆ డస్ట్‌బిన్ టీముల్లో ఒకటి తర్వాత నాకు ఫోన్ చేసింది. మర్నాడే వెళ్లి ఆటో అన్నతో మాట్లాడారట. ఆయనేమన్నాడంటే, "బుట్ట నిండిందో లేదో నాకెందుకు బాబూ, చెత్త దింపే చోట లైనెంతుందో చెప్పండి, రోజూ గంటన్నర అక్కడే పోతోంది, ఇంజిన్ ఆన్‌లోనే ఉంటుంది." ఇప్పుడు వాళ్లు వంతులేసుకుని ఆ గేటు దగ్గర నిలబడి, ఏ ఆటో ఎన్నింటికొచ్చింది, ఎన్నింటికి బయటపడింది అని నోట్‌బుక్కులో రాస్తున్నారు. సెన్సర్ ఇంకా కొనలేదు.