ఆపమని ఎవరికి చెప్పాలి?

పెద్దలకు, మిత్రులకు, ఆదివారం పొద్దున్నే వచ్చి రెండున్నర గంటల సినిమా చూసి, ఇంకా ఓపికగా కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

ఏ సినిమా గురించి మాట్లాడతారని నిర్వాహకులు ఫోనులో అడిగినప్పుడు క్షణం ఆలోచించకుండా 'నాయకుడు' అన్నాను. అందుకు కారణం ఒక ఫ్లెక్సీ. నిరుడు వినాయక నవరాత్రుల్లో హనుమకొండ చౌరస్తా దాటి ఇంటికి నడిచి వెళ్తుంటే ఒక గల్లీ మొదట్లో కరెంటు స్తంభానికి కట్టి కనిపించింది. ఎవరో యువకుడికి పుట్టినరోజు శుభాకాంక్షలు. ఒక పక్క నల్ల కళ్లద్దాలతో అతని ఫొటో. ఇంకో పక్క తెల్ల పంచె, వెనక్కి దువ్విన జుట్టు, నుదుట బొట్టుతో కమల్‌హాసన్. ఇద్దరి మధ్య పెద్ద అక్షరాల్లో, నలుగురికి మేలు జరిగేదైతే ఏదీ తప్పు కాదన్న మాట.

ఆ మాట సినిమాలో ఉన్నదే. కమల్‌హాసన్ వేసిన పాత్ర పేరు వేలు. వేలు దాన్ని తనను పెంచిన హుసేన్ దగ్గర నేర్చుకుంటాడు. ఆ మాట పట్టుకుని నడిచినవాడికి చివరికి ఏమి మిగిలిందో చూపించడానికే మిగతా సినిమా అంతా ఉంది. ఫ్లెక్సీ మీదికి మాట ఒక్కటే వచ్చింది, మిగతా సినిమా రాలేదు. నేను మాట్లాడదలచింది ఆ రాని భాగం గురించి.

వివరాలు మీలో చాలామందికి తెలిసినవే. 1987లో దీపావళికి తమిళంలో విడుదలైంది. దర్శకుడు మణిరత్నం, మన 'గీతాంజలి' తీయడానికి రెండేళ్ల ముందు. సంగీతం ఇళయరాజా. ఛాయాగ్రహణం పి.సి.శ్రీరామ్. బొంబాయి ధారావిని మద్రాసులో సెట్టుగా నిలబెట్టిన కళాదర్శకుడు మన తెలుగువాడు తోట తరణి. ఉత్తమ నటుడు, ఉత్తమ ఛాయాగ్రహణం, ఉత్తమ కళాదర్శకత్వం, మూడు జాతీయ అవార్డులు దీనికి వచ్చాయి. యువకుడి నుంచి ముసలివాడి దాకా నటించిన కమల్‌హాసన్‌కు అప్పటికి ముప్పై మూడేళ్లు నిండలేదు. బొంబాయిలో పేరుమోసిన ముఠా నాయకుడు వరదరాజన్ ముదలియార్ జీవితం ఈ కథకు ప్రేరణ.

ఇక కథకు వస్తాను. తూత్తుకుడిలో ఒక కార్మిక నాయకుడు. పోలీసులకు దొరకడు. అతని చిన్న కొడుకు వేలును పట్టుకుని, తర్వాత కావాలనే వదిలేస్తారు. పిల్లవాడు నేరుగా తండ్రి దగ్గరికి పరుగెత్తుతాడు. వాడి వెనకాలే తుపాకులు వస్తాయి. తన పరుగే తండ్రి ప్రాణం తీసిందని ఒక పసివాడు తెలుసుకునే క్షణం అది. వాడు పోలీసును పొడిచి బొంబాయికి పారిపోతాడు. అక్కడ హుసేన్ అనే దొంగరవాణా మనిషి కన్నతండ్రిలా పెంచుతాడు. ఆ హుసేన్‌ను ఇన్‌స్పెక్టర్ కేల్కర్ లాకప్‌లో చంపుతాడు. వేలు కేల్కర్‌ను నడివీధిలో, పేటంతా చూస్తుండగా కొట్టి చంపుతాడు. సాక్ష్యం చెప్పడానికి ఒక్కరూ ముందుకు రారు.

థియేటర్లో ఈల వేసే చోటు ఇదే. నేను కూడా వేశాను, దాచుకోవలసిన అవసరం లేదు. ఈల ఆగకముందే దర్శకుడు మనకు కేల్కర్ భార్యను చూపిస్తాడు. ఆమె పక్కన బుద్ధి ఎదగని కొడుకు, అజిత్. తండ్రి లేని ఇంకొక పిల్లవాడు. తనకు ఎవరో ఏం చేశారో, అచ్చంగా అదే తాను ఇంకొకరికి చేశానని వేలుకు ఆ గడపలో తెలిసిపోతుంది. తెలిసి ఏం చేస్తాడు? ఆ కుటుంబాన్ని పోషించే భారం తీసుకుంటాడు. అదే అతను చేయగలిగింది. తండ్రికి బదులు డబ్బు.

ఆ తర్వాత జరిగేవన్నీ నష్టాలే. నీలను గుర్తు చేసుకోండి. వేశ్యాగృహంలో మొదటిసారి కలిసినప్పుడు, రేపు లెక్కల పరీక్ష ఉంది, తొందరగా వదిలేస్తారా అని అడిగిన అమ్మాయి. ఆమె కోసం వేలు మంచంమీద నుంచి లేచి పుస్తకం చదువుకోనిస్తాడు, తర్వాత పెళ్లి చేసుకుంటాడు. ఈ మొత్తం సినిమాలో అతను చేసిన అన్నిటికన్నా మంచి పని, నా దృష్టిలో, అదొక్కటే. అందులో కత్తి లేదు. ఆ నీల శత్రువుల చేతిలో చనిపోతుంది. కొడుకు సూర్య తండ్రి దారిలోకి వచ్చి శవమై ఇంటికి చేరుతాడు. ఆ శవం దగ్గర కమల్‌హాసన్ ఏడ్చిన ఏడుపు గుర్తుందా? ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఆ ఏడుపు వినబడుతుంది. దాన్ని ఎవరూ ఫ్లెక్సీ మీద వేయరు.

కూతురు చారుమతి తండ్రిని నిలదీస్తుంది. ఇదంతా ఆపేయండి అంటుంది. అప్పుడు వేలు చెప్పే జవాబు ఈ సినిమాలో అందరికీ కంఠతా వచ్చిన సన్నివేశం. నా తండ్రిని చంపినవాణ్ని ఆపమను, హుసేన్‌ను చంపినవాణ్ని ఆపమను, మీ అమ్మను చంపినవాణ్ని ఆపమను, అప్పుడు నేను ఆపుతాను అన్న అర్థం వచ్చే మాటలు. ఫోన్లలో పిల్లలు పంచుకునే చిన్న వీడియోలన్నీ అక్కడితో అయిపోతాయి. కూతురు ఇల్లు వదిలి వెళ్లిపోవడం ఏ వీడియోలోనూ ఉండదు. తండ్రి మాటలో ఆమెకు న్యాయం కనబడి ఉంటే ఆమె ఉండిపోయేది కదా!

ఈరోజు మీకు చెప్పాలని నేను తెచ్చుకున్న మాట ఒక్కటే. ఆ సంభాషణను వేలు నోటి నుంచి తీసి అజిత్ నోట పెట్టి చూడండి. 'నా తండ్రిని చంపినవాణ్ని ఆపమను' అనే హక్కు ఆ పిల్లవాడికి లేదా? అక్షరం కూడా మార్చనక్కరలేదు. చివర్లో కోర్టు వేలును నిర్దోషిగా వదిలేస్తుంది, బయట జనం జేజేలు కొడతారు, అజిత్ తుపాకీ పేలుస్తాడు. ఆ గుండును చాలామంది అభిమానులు ద్రోహమనుకుంటారు. అది వేలు కూతురికి చెప్పిన జవాబే. ఆ జవాబు తిరిగి అతని దగ్గరికే వచ్చింది. చంపింది పాత శత్రువో, పోటీ ముఠావాడో అయితే ఇది మామూలు నేరకథ అయ్యేది. వేలు అన్నం పెట్టి పెంచిన పిల్లవాడు చంపాడు, అందుకే ఇది విషాదం.

నేను ఈ సినిమా మొదటిసారి చూసింది మా నాన్నతో, వరంగల్‌లో. నాకు అప్పుడు పద్నాలుగేళ్లు. ఆయన ఆజంజాహి మిల్లు కార్మికుడు. 1934లో నిజాం కాలంలో పెట్టిన ఆ మిల్లు సైరను వింటూ పెరిగిన పిల్లలం మేము. కార్మిక నాయకుడిని కాల్చి చంపే మొదటి సన్నివేశంలో నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. అందుకే ఆయనకు వేలు చేసిందంతా నచ్చి ఉంటుందని నేను అనుకున్నాను. తిరిగి వస్తూ నేను ఆవేశంగా ఏదేదో చెబుతుంటే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఇంటి సందు మొదట్లో ఆగి, "ఆ పిచ్చిపిల్లవాడికి జవాబు ఎవరు చెబుతారురా?" అన్నారు. అంతే. ఆయన ఆరో తరగతితో చదువు మానేసిన మనిషి. ఈ సినిమా మీద నేను చదివిన వ్యాసాల్లో వేటికీ ఆ ప్రశ్న దాకా చేరడం చేతకాలేదు.

ఆ ప్రశ్న నాన్నకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తర్వాత అర్థమైంది. మన ఊరు దాన్ని తెరమీద మాత్రమే చూసిన ఊరు కాదు. 1985 సెప్టెంబర్‌లో ఇక్కడ ఒక సబ్ ఇన్‌స్పెక్టర్‌ను నక్సలైట్లు చంపారు. ఆయన అంతిమయాత్ర జరిగిన రోజునే, పౌరహక్కుల నాయకుడు, పిల్లల వైద్యుడు డాక్టర్ రామనాథంను ఆయన క్లినిక్‌లోనే పోలీసులు కాల్చి చంపారు. ఒక చావుకు ఇంకో చావు జవాబు. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన పౌరహక్కుల నాయకుడు బాలగోపాల్ రాజ్యం చేసే హత్యలను ఎంత గట్టిగా ఎదిరించారో, ప్రజల పేరిట జరిగే హత్యలనూ అంత గట్టిగా ప్రశ్నించారు. అందుకు ఆయన పాత సహచరులకు దూరం కావలసి వచ్చింది. నలుగురికి మేలు అన్న మాటను ఆయన కన్నా సూటిగా నిలదీసినవాళ్లు మన ప్రాంతంలో అరుదు.

ఇంకొకటి నా కళ్లతో చూసినది చెబుతాను. 1990ల చివర నేను ములుగు వైపు ఒక బడిలో ఉద్యోగంలో చేరాను. పదో తరగతిలో ఇద్దరు పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చునేవారు. ఒకడి తండ్రి అడవిలో ఎన్‌కౌంటర్‌లో పోయాడు. ఇంకొకడి తండ్రి కానిస్టేబుల్, మందుపాతర పేలి చనిపోయాడు. ఒకరి సంగతి ఒకరికి తెలుసు. మధ్యాహ్నం ఒకే గిన్నెలో తినేవారు. పరీక్ష దరఖాస్తులు నింపే రోజు ఇద్దరూ కలిసి నా బల్ల దగ్గరికి వచ్చి, "తండ్రి పేరు ముందు కీర్తిశేషులు అని రాయాలా సార్?" అని అడిగారు. నేను ఇద్దరికీ ఒకే జవాబు చెప్పాను. ఆ రోజు నుంచి ఈ సినిమాలో నాకు మొదట కనబడేది వేలు కాదు.

ఈ అపార్థంలో సినిమాకు కూడా వాటా ఉందని చెప్పక తప్పదు. కేల్కర్‌ను మనం ఒక్క క్షణం కూడా మనిషిగా చూసే వీలు లేకుండా రాశారు, అందువల్ల అతని చావు మనకు తేలికైపోయింది. అజిత్‌ను బుద్ధి ఎదగనివాడిగా పెట్టడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. అతను ఆలోచించగలిగిన మనిషి అయి, చారుమతిలాగే వేలు ఎదుట నిలబడి ఒక్క మాట అడిగి ఉంటే, ప్రేక్షకుడికి తప్పించుకునే దారి ఉండేది కాదు. ఏదో పిచ్చివాడు కాల్చేశాడు అని చేతులు దులుపుకునే వీలు మణిరత్నమే ఇచ్చారు. వేలును మనం ప్రేమించేలా తీయడాన్ని మాత్రం నేను తప్పుపట్టను. ప్రేమించకపోతే అతని పతనం మనకు తగలదు.

ఇళయరాజా బాణీ ఒకటి సినిమా పొడుగునా మనల్ని వెంటాడుతుంది. గూడు చెదిరిన చిట్టి పావురాన్ని నిన్ను ఎవరు కొట్టారని అడిగే ఆ పాటను మన తెలుగు ఇళ్లలో జోలపాటగా పాడుకున్నవాళ్లు కూడా ఉన్నారు. అది వేలు కోసమే అని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాం. గూడు చెదిరిన పావురాలు ఆ సినిమాలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. కొన్ని గూళ్లను కొట్టినవాడు వేలే.

మనవడు అడిగే ప్రశ్నను కూడా వీరత్వంగా వాడుకుంటున్నారు. మీరు మంచివారా, చెడ్డవారా అని పసివాడు అడుగుతాడు. వేలు నాకు తెలియదు అంటాడు. ఊరంతా దేవుడని మొక్కిన మనిషి, కోర్టు కూడా వదిలేయబోతున్న మనిషి, తనను తాను నిర్దోషి అనుకోలేకపోయాడు. ఆ మాట పలికేటప్పుడు ఆ కళ్లలో గర్వం ఎక్కడుందో నాకు ఎవరైనా చూపించండి.

నా సమయం అయిపోయింది. ప్రొజెక్టర్ దగ్గర ఉన్న తమ్ముణ్ని చివరి పది నిమిషాలు మళ్లీ వేయమని అడిగాను, ఒప్పుకున్నాడు. లైట్లు ఆర్పుతారు. ఈసారి వేలును చూడకండి. కోర్టు బయట ఆ గుంపులో అజిత్ ఎక్కడ నిలబడ్డాడో వెతికి, అతని ముఖమే చూడండి.