పెట్రోమాక్సుకు చిల్లి పెట్టకండి

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని ఇంతసేపూ ఓపిగ్గా కూర్చున్న అమ్మలకు, ఈ పాత వస్తువుల ప్రదర్శన పెట్టిన కుర్రవాళ్ళకు నమస్కారం. కరపత్రంలో నా అంశం ‘పాత దీపాలు, మన సంస్కృతి’ అని వేశారు. సంస్కృతి సంగతి ముందు మాట్లాడినవాళ్ళు చెప్పేశారు. పెళ్ళి ఊరేగింపులు, వీధి భాగవతాలు, బుర్రకథలు అన్నీ వచ్చేశాయి. నాకు మిగిలింది వాషర్లు. వాటి గురించే మాట్లాడతాను.

దానికంటే ముందు ఒక ఫిర్యాదు. అదిగో, మూడో బల్ల మీద 500 క్యాండిల్ పవరు పెట్రోమాక్స్ లైటు. నికెలు పూత చెక్కుచెదరలేదు. లోపల మాత్రం ఎల్‌ఈడీ బల్బు! ఎవరో ట్యాంకు అడుగున డ్రిల్లు దింపి, వైరు లాగి, ‘యాంటిక్ ల్యాంపు’ అని అమ్మారు. ఆ ట్యాంకు ఇక చచ్చిపోయినట్టే. మాటు వేయిస్తే సరిపోదా అంటారు. బిందెకైతే సరిపోతుంది. దీని లోపల గాలి సుమారు రెండు బార్ల ఒత్తిడిలో, అంటే ఇంచుమించు కారు టైరులో ఉన్నంత ఒత్తిడిలో ఉంటుంది. ఆ గాలి కింద లీటరు కిరసనాయిలు, పైన జానెడు దూరంలో మంట. సీసం, తగరం కలిపిన టంకం 183 డిగ్రీలకే కరగడం మొదలుపెడుతుంది. అలాంటి మాటును నమ్మి పిల్లల మధ్య వెలిగిస్తామా?

సరే, ఇది పనిచేసే తీరు చెబుతాను. బెర్లిన్‌లో 1910 ప్రాంతంలో రూపుదిద్దుకున్న లైటు ఇది. వత్తి లేదు. గాలి తోస్తే కిరసనాయిలు జనరేటరు అనే నిలువు గొట్టం ఎక్కుతుంది. అక్కడి వేడికి ఆవిరై, నిప్పిలు అనే సన్నటి రంధ్రపు మూతిలోంచి పైకి చిమ్ముతుంది. పోతూ పోతూ గాలిని లాక్కుని, వంపు గొట్టంలో కలిసి, కిందికి దిగి, చిన్న వల సంచిలా ఉండే మాంటిల్‌లో మండుతుంది. మంట నీలంగానే ఉంటుంది. తెల్లటి వెలుగంతా మాంటిల్‌ది. ఆ వేడే మళ్ళీ జనరేటరుకు అందుతుంది. ఈ వరస పట్టుబడితే ఏ జబ్బు ఎక్కడుందో మీకే తెలిసిపోతుంది.

అటక మీంచి దించిన లైటుకు మొదటి జబ్బు పంపు. కొడుతుంటే చేతికి బరువే తగలదు. మూత మర విప్పి కడ్డీ బయటికి లాగండి. కొసన చిన్న తోలు గిన్నె ఉంటుంది. ఎండి, ముడుచుకుని, పంపు గోడను తాకకుండా ఉంటుంది. కొత్తది కొనక్కర్లేదు. ఆముదంలో ఓ రాత్రి నానబెట్టి, గిన్నె అంచును వేళ్ళతో చుట్టూ విప్పారేలా సాగదీయండి. ఆముదమే ఎందుకంటే, కిరసనాయిలులో అది అంత తేలిగ్గా కరిగిపోదు. మిషను నూనైతే కొద్ది రోజులకే కొట్టుకుపోతుంది. తిరిగి పెట్టేటప్పుడు గిన్నె నోరు ట్యాంకు వైపుండాలి. తిరగేసి పెడితే పొద్దున్నదాకా కొట్టినా గాలి ఎక్కదు.

పంపు కొట్టి వదిలేస్తే పిడి దానంతట అదే పైకి లేస్తోందా? పంపు గొట్టంలో కిరసనాయిలు చేరుతోందా? అది తోలు తప్పు కాదు, ఎక్కిన గాలిని వెనక్కి రానివ్వకుండా అడుగునున్న నాన్ రిటర్న్ వాల్వుది. అందులోని చిన్న రబ్బరు బిళ్ళ గట్టిపడి ఉంటుంది. పొడవాటి స్క్రూడ్రైవరుతో విప్పి బిళ్ళ మార్చాలి. మర బిగుసుకుపోతే మంట పెట్టొద్దు, ఆ గొట్టం ట్యాంకుకు టంకంతోనే అతికి ఉంటుంది. డీజిలు పోసి రాత్రంతా వదిలేయండి.

ట్యాంకు మూత వాషరుకు సైకిలు ట్యూబు ముక్క కత్తిరించి పెడుతున్నారు. కిరసనాయిలు తగిలితే ఆ రబ్బరు ఉబ్బి జావగా అవుతుంది. నైట్రైల్ రబ్బరు అని అడిగి తెచ్చుకోండి. తర్వాత గాలి కొట్టి, సబ్బు నురగ పూసి, బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూడండి. అగ్గిపుల్ల గీసి చూసే మహానుభావులు కూడా ఉన్నారు. వద్దు నాయనా!

ఇప్పుడు పాలిష్ గురించి ఒక్క మాట... ఒక్క మాటతో పోదులెండి. బ్రిటిష్ సైన్యం మన దేశంలో వానాకాలం తూటాలను గుర్రాల సాలల్లో దాచేది. తర్వాత తీసి చూస్తే ఇత్తడి తొడుగులు వాటంతటవే పగిలి ఉండేవి. కారణం సాలలోని మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా అని 1921 నాటికి గానీ తేటతెల్లం కాలేదు. అచ్చులో నొక్కి సాగదీసిన ఇత్తడిలో బిగువు దాగి ఉంటుంది. అమ్మోనియా తగిలితే అక్కడ సన్నటి పగులు పుడుతుంది. మన ట్యాంకూ అలా నొక్కి చేసిన ఇత్తడే. బజారులో దొరికే ఇత్తడి పాలిష్‌లలో కొన్నిట్లో అమ్మోనియా ఉంటుంది. సీసా మీద చదివి కొనండి. నికెలు పూత ఉన్నదాన్ని చింతపండుతో, ఇసక కాగితంతో తోమి ఇత్తడి రంగు తేల్చకండమ్మా, ఆ పూత చాలా పల్చన. సబ్బు నీళ్ళు, మెత్తటి గుడ్డ, అంతే.

జనరేటరుకొద్దాం. వెలుగు కొట్టుకుంటూ ఉందంటే, పసుపుపచ్చగా మసి పడుతోందంటే ఎక్కువసార్లు లోపల బొగ్గు పట్టినట్టు. ట్యాంకు నుంచి విడదీసి, నిప్పిలు, దాని రంధ్రాన్ని శుభ్రం చేసే పిన్ను, సీసం వాషరు తీసేసి, గొట్టాన్ని ముదురు ఎరుపు వచ్చేదాకా కాల్చండి. మరీ మించితే ఇత్తడి కరిగిపోతుంది. చల్లారాక తట్టి, సైకిలు బ్రేకు తీగతో లోపల గీకితే బూడిద రాలుతుంది. బిగించేటప్పుడు నిప్పిలు కొసకూ పైనున్న వంపు గొట్టం మూతికీ మధ్య 14 మిల్లీమీటర్లు చూసుకోండి. ఈ ఎడం తప్పితే గాలి పాళ్ళు తప్పుతాయి. అప్పుడు మాంటిల్ మీద నింద వేసి లాభం లేదు.

పాత మాంటిళ్ళలో 99 పాళ్ళు థోరియం ఆక్సైడు, ఒక పాలు సీరియం. ఆ థోరియం వచ్చే మోనజైట్ ఇసుక కేరళ తీరంలో ఉంది, మన భీమునిపట్నం తీరంలోనూ ఉంది. థోరియానికి కొద్దిగా రేడియోధార్మికత ఉంటుంది. కాబట్టి పాత మాంటిల్ బూడిదను నోటితో ఊదొద్దు. బయట, తడిగుడ్డతో తుడిచి, చేతులు కడుక్కోండి. మాంటిల్‌కు చిల్లి పడితే ఆ రాత్రికి సర్దుకుందామనుకోకండి. ఆ చిల్లిలోంచి మంట నేరుగా గ్లాసుకు తగిలి గ్లాసు పగులుతుంది.

అధ్యక్షులు చీటీ పంపారు. రెండు నిమిషాలట.

వెలిగించడం. ట్యాంకు ముప్పాతిక వంతే నింపండి, మిగతాది గాలికి. కిరసనాయిలు తప్ప పెట్రోలు చుక్క కూడా పనికిరాదు. కిరసనాయిలు దారి మూసి తెరిచే చక్రం మీది బాణం గుర్తు పైకి తిప్పండి, అంటే మూసినట్టు. జనరేటరు చుట్టూ ఉన్న చిన్న గిన్నెలో స్పిరిట్ పోసి వెలిగించండి, అది ఆరిపోవస్తుండగా ట్యాంకు గాలి వదిలే మర బిగించి నాలుగు పంపులు కొట్టి, బాణం కిందికి తిప్పండి. చలికాలమైతే స్పిరిట్ రెండోసారి పోయండి. తొందరపడితే ఆవిరి కాని కిరసనాయిలే వచ్చి మంట ఎగదన్నుతుంది. అప్పుడు కంగారుపడి నీళ్ళు చల్లకండి, గాలి మర విప్పేయండి, అదే ఆరిపోతుంది. మాంటిల్ తెల్లబడ్డాక గేజి ఎర్ర గీత దగ్గరికి వచ్చేదాకా మెల్లగా కొట్టుకోండి. మధ్యలో వెలుగు తగ్గితే చక్రాన్ని ఒక చుట్టు చురుగ్గా తిప్పండి, పిన్ను నిప్పిలును శుభ్రం చేస్తుంది.

పండగ అయ్యాక అటకెక్కించే ముందు గాలి వదిలి, ట్యాంకు ఖాళీ చేసి, మూత వదులుగా పెట్టండి. మురిగిన కిరసనాయిలు జిగురై జనరేటరుకు పడుతుంది. తోలుకు ఇంకో చుక్క ఆముదం.

సందేహాలుంటే బల్ల దగ్గరికి రండి, స్పానరు తెచ్చాను. ఆ మూడో బల్ల మీది లైటు యజమాని ఎవరో గానీ, ట్యాంకు పోయినా ఆ జనరేటరు, పై గొట్టం బాగానే ఉన్నట్టున్నాయి. అమ్ముతానంటే కొనేవాళ్ళు ఈ హాల్లోనే ఉంటారు.