గుడ్ల డబ్బు అసలుకే

సభకు వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

ఇరవై ఏళ్ల ఇంటి అప్పును పదకొండేళ్లలో ఎలా తీర్చారో చెప్పమని కాలనీ సంఘం వారు నన్ను పిలిచారు. మా ఆయన గుంటూరు మిర్చి యార్డులో ఒక కొట్లో గుమాస్తా. నేను ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. 2010లో నల్లపాడు వైపు రెండు గదుల ఇల్లు కట్టుకోవడానికి 10 లక్షలు అప్పు తీసుకున్నాం. ఇంటి వెనుక కాస్త ఖాళీ స్థలం మిగిలింది. మా కథంతా ఆ స్థలంలో పెంచిన కోళ్లతోనే నడిచింది.

కోళ్ల కంటే ముందు లెక్క చెబుతాను. వడ్డీ శాతం మధ్యలో పెరుగుతూ తగ్గుతూ వచ్చింది కాబట్టి, లెక్క సులువుగా ఉండటానికి 9 శాతం అనుకుందాం. 10 లక్షలకు 20 ఏళ్ల గడువు పెడితే నెల వాయిదా 8,997 రూపాయలు. మొదటి నెల అందులో 7,500 వడ్డీకే పోతుంది. అసలులో తగ్గేది 1,497 మాత్రమే. ఏడాది తిరిగేసరికి దాదాపు 1,08,000 కట్టి ఉంటాం, అసలు మాత్రం 19 వేలైనా తగ్గదు. బ్యాంకు ఇచ్చిన మొదటి ఏడాది లెక్కల కాగితం చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కానీ దారి చూపించింది కూడా ఆ కాగితమే. మొదటి ఏడాది చివర 5,000 రూపాయలు అదనంగా కట్టారనుకోండి. అది నేరుగా అసలులో తగ్గుతుంది. ఆ 5,000 మీద మిగిలిన 19 ఏళ్లు పడాల్సిన వడ్డీ, వడ్డీ మీద వడ్డీ ఇక పడవు. అన్నీ కలిపితే చివరన మూడు వాయిదాలు మాయమవుతాయి. అదే 5,000 పదిహేనో ఏట కడితే ఒక్క వాయిదా కూడా పూర్తిగా తగ్గదు. అందుకే పెద్ద మొత్తం పోగయ్యాక కడదామని ఆగవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. నెలకు 3,000 అదనంగా కడుతూ పోతే 20 ఏళ్ల అప్పు 11 ఏళ్లలోపే తీరుతుంది. మొత్తం 21 లక్షల 59 వేలు కట్టాల్సింది 15 లక్షల 75 వేలతో సరిపోతుంది.

మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి అప్పును ముందుగా తీర్చినందుకు బ్యాంకులు జరిమానా వేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2012లోనే ఆదేశించింది. అయితే అదనంగా కట్టిన ప్రతిసారీ "వాయిదా తగ్గించవద్దు, గడువు తగ్గించండి" అని రాసి ఇవ్వండి. ఒక ఏడాది వడ్డీ పెరిగినప్పుడు మా బ్యాంకు మాకు మాట మాత్రం చెప్పకుండా గడువును పొడిగించింది. మేము కట్టుకుంటూ పోతున్నాం, మిగిలిన నెలలు మాత్రం పెరుగుతున్నాయి. కాగితం చూడకపోయి ఉంటే మాకు ఆ సంగతి తెలిసేదే కాదు.

ఇక ఆ మూడు వేలు ఎక్కడివి? అందులో వెయ్యి కోళ్లవి.

మొదట ఊరి నుంచి నాలుగు నాటు పెట్టలు, ఒక పుంజు తెచ్చాను. నాటు పెట్ట ఏడాదికి అరవై డెబ్బై గుడ్లకు మించి పెట్టదు. పెట్టినవాటిని పొదగడానికే చూస్తుంది. తర్వాత గ్రామప్రియ పిల్లల సంగతి తెలిసింది. హైదరాబాదులోని కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారు చేసిన రకం అది. పెరట్లో ఏడాదికి నూట అరవై దాకా గుడ్లు పెడుతుంది, కానీ పొదగదు. అందుకని గ్రామప్రియ గుడ్లు పన్నెండేసి చొప్పున నాటు పెట్ట కింద పెట్టేదాన్ని. ఏడో రాత్రి గుడ్డును టార్చి వెలుగుకు అడ్డంగా పట్టుకుంటే, పిల్ల కడుతున్న గుడ్డులో సన్నని ఎర్రని నరాలు సాలీడు కాళ్లలా కనిపిస్తాయి. ఏమీ లేకుండా తేటగా ఉన్నదాన్ని తీసేయాలి. ఇరవై ఒకటో రోజు తెల్లవారుజామున గంప కింది నుంచి కిచకిచలు వినిపిస్తాయి. ఆ చప్పుడు ఎన్నిసార్లు విన్నా నాకు తనివి తీరలేదు.

రెండో ఏడాది వేసవిలో పెద్ద దెబ్బ తగిలింది. పచ్చగా పారుతూ, మెడలు మెలికలు తిప్పుకుంటూ వారంలో పదకొండు కోళ్లు చచ్చిపోయాయి. అది కొక్కెర తెగులు. వచ్చాక మందు లేదు, రాకముందు టీకా ఒక్కటే దారి. అప్పటి నుంచి వారం వయసు పిల్లలకు కంట్లో లసోటా టీకా చుక్క, రెండు నెలలకు టీకా సూది తప్పనిసరి చేశాను. పశువుల ఆసుపత్రిలో అడిగితే చెబుతారు. దయచేసి అశ్రద్ధ చేయకండి.

మేతకు పెద్దగా ఖర్చు పెట్టలేదు. నూకలు, తవుడు, కూరగాయల తొక్కలు, పెరట్లోని పురుగులు. గుడ్డు పెంకులను వేయించి పొడి చేసి మేతలో కలిపితే మళ్లీ పెట్టే గుడ్డుకు పెంకు గట్టిపడుతుంది. గూటిలో పరిచిన ఊక మార్చినప్పుడల్లా ఆ పాత ఊక గోంగూర మడికి వేసేదాన్ని. గోంగూర కొన్న జ్ఞాపకమే లేదు. ఇరుగుపొరుగుకు వాసన రాకుండా ఊక తడవనివ్వకూడదు. గుడ్లు అమ్మగా వచ్చిన డబ్బు, సంక్రాంతికి పుంజులు అమ్మగా వచ్చినది కలిపి సగటు తీస్తే నెలకు వెయ్యి. ఇంట్లో పిల్లలు తిన్న గుడ్లు ఆ లెక్కలో లేవు.

మిగిలిన రెండు వేలు చిన్నచిన్న వాటిలో దొరికాయి. మా ఆయన సైకిలు మీదే యార్డుకు వెళ్లారు. ఎండుమిర్చి, కందిపప్పు, చింతపండు పంట చేతికొచ్చే రోజుల్లో ఏడాదికి సరిపడా కొన్నాం. పెళ్లిళ్లకు కొత్త చీరలు మానేశాను, పెళ్లిళ్లకు వెళ్లడం మానలేదు. అన్నిటికంటే ముఖ్యంగా, మిగిలిన డబ్బును ఇంట్లో ఉంచలేదు. వంటింటి అలమరలో పాత హార్లిక్స్ సీసా ఒకటి ఉండేది. గుడ్ల డబ్బు, ఆటో ఎక్కకుండా మిగిలిన డబ్బు అందులో పడేవి. నెలనెలా అయిదో తారీఖున సీసా ఖాళీ చేసి అప్పు ఖాతాలో కట్టి వచ్చేదాన్ని. నలిగిన పది రూపాయల నోట్లు లెక్కపెట్టడానికి కౌంటరులోని అమ్మాయి మొదట విసుక్కుంది. నాలుగో ఏడాదికి, ఈ నెల గుడ్లు బాగా పెట్టాయా అని తనే అడిగేది.

ఒక జాగ్రత్త. చేతిలో మూడు నెలల ఖర్చు ఉంచుకోకుండా అంతా అప్పుకు కట్టేయకండి. బంగారం మీద అప్పో, క్రెడిట్ కార్డు బాకీయో ఇంతకంటే ఎక్కువ వడ్డీకి ఉంటే ముందు అది తీర్చండి. ఇంటి అప్పు ఉంటే పన్ను తగ్గుతుంది కదా అని మీలో కొందరు అనుకుంటారు. వంద రూపాయల వడ్డీ కడితే పన్నులో మహా అయితే ఇరవయ్యో ముప్పయ్యో మిగులుతాయి, మిగతాది పోయినట్టే కదా.

2021లో అప్పు తీరింది. దస్తావేజులు చేతికి రావడానికి మాత్రం నెలల తరబడి తిరిగాం. మీకు ఆ అవస్థ ఉండకూడదు. 2023 డిసెంబరు 1 నుంచి, అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో బ్యాంకు కాగితాలన్నీ తిరిగి ఇవ్వాలి. తన వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు మీకు చెల్లించాలి. తాకట్టు రిజిస్టరు చేసి ఉంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దాన్ని రద్దు చేయించి, ఈసీ, అంటే ఆస్తి మీద తాకట్లు ఏమైనా ఉన్నాయేమో చూపే పత్రం, తీసి చూసుకోండి.

మీ బ్యాంకు కాగితం అర్థం కాకపోతే ఆదివారం ఉదయం మా ఇంటికి తీసుకురండి, కలిసి చూద్దాం. రెండు పెట్టలు ఇప్పుడు పొదుగుతున్నాయి. పిల్లలు కావలసినవారు ఈ రోజే పేరు చెప్పి వెళ్లండి. టీకా వేశాకే ఇస్తాను.