జర్మనీ పే స్లిప్‌లో కోసిన డబ్బు ఎటు పోతోంది?

నమస్తే అండీ. వరంగల్ నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. జర్మనీలో రెండు ఆఫర్లు వచ్చాయట. ఒక కంపెనీ ఏడాదికి 48,000 యూరోలు ఇస్తానంది. ఇంకో కంపెనీ కాస్త తక్కువిచ్చి, దాని కింద పెద్ద చిట్టా రాసింది: జిమ్ కార్డు, లీజుకి సైకిలు, ఆఫీసులో పళ్ళు, కాఫీ ఫ్రీ. "అన్నా, బెనిఫిట్స్ దేంట్లో బాగున్నట్టు?" అని అడిగాడు.

తమ్ముడూ, అసలు బెనిఫిట్లు ఆ రెండు కాగితాల్లోనూ లేవు. అవి కంపెనీ దయతో ఇచ్చేవి కావు, చట్టం ఇప్పించేవి. అందుకే ఆఫర్ లెటర్లో గొప్పగా రాసుకోరు. మొదటి నెల పే స్లిప్ చేతికొచ్చాక కనిపిస్తాయి, అదీ కోతల రూపంలో.

ఆ 48,000నే తీసుకుందాం. అంటే నెలకు 4,000. పిల్లల్లేరు, వయసు 23 దాటింది. 2025 రేట్లతో లెక్కేస్తున్నాను. పెన్షన్‌కి 9.3 శాతం, 372 యూరోలు. ఆరోగ్య బీమాకి సగటున 8.55 శాతం, 342. నిరుద్యోగ బీమాకి 52. ముసలితనంలోనో, రోగం వచ్చి మంచాన పడ్డప్పుడో మనల్ని చూసుకోడానికి సంరక్షణ బీమా అని ఇంకోటుంది, దానికి 96. వెరసి 862 యూరోలు. ఇన్‌కమ్ ట్యాక్స్ జోలికి ఇంకా వెళ్ళనే లేదు.

అమ్మో అనకండి. కంపెనీ కూడా దాదాపు అంతే, 838 యూరోలు, తన జేబులోంచి కడుతుంది. మన దగ్గర సీటీసీ అని చెప్పి, కంపెనీ కట్టే పీఎఫ్ వాటాని కూడా మన ప్యాకేజీలోనే కలిపి చూపిస్తారు కదా, ఇక్కడ ఆ మాయ లేదు. 4,000 అంటే 4,000. కంపెనీ వాటా దానిపైన. పనిలో దెబ్బ తగిలితే చూసుకునే ప్రమాద బీమా అయితే పూర్తిగా కంపెనీ ఖర్చే, మన దగ్గర పైసా తీసుకోరు.

ఆ 96 దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం, అక్కడ మంచి కథ ఉంది. 1995లో ఈ సంరక్షణ బీమా తెస్తున్నప్పుడు కంపెనీలు మాకు ఖర్చు పెరిగిపోతుందని గోల చేశాయి. సరే, ఏడాదికి ఒక రోజు ఎక్కువ పని చేయించుకోండి అని, నవంబర్‌లో వచ్చే ప్రొటెస్టెంట్ల ప్రాయశ్చిత్త ప్రార్థన దినం సెలవు తీసేశారు. మిగతా రాష్ట్రాలన్నీ ఒప్పుకున్నాయి. శాక్సనీ ఒక్కటే ససేమిరా అంది. దాంతో ఈరోజుకీ డ్రెస్డెన్‌లో, లైప్‌జిగ్‌లో పనిచేసే ఉద్యోగి ఈ బీమాకి అర శాతం ఎక్కువ కడతాడు, అక్కడి కంపెనీ అర శాతం తక్కువ కడుతుంది. మన 4,000 మీద నెలకు 20 యూరోలు, ఏడాదికి 240. ఒక్క బుధవారం సెలవుకి అంత ధర! నన్నడిగితే గిట్టుబాటు కాదు, కానీ శాక్సనీ వాళ్ళు కట్టుకుంటూనే ఉన్నారు.

వీటికి పునాది వేసింది అప్పటి జర్మనీ చాన్సలర్ బిస్మార్క్. 1883లో ఆరోగ్య బీమా, 1884లో ప్రమాద బీమా, 1889లో వృద్ధాప్య పెన్షన్. ఆయనేమీ కార్మికుల మీద ప్రేమతో చేయలేదు, సోషలిస్టుల వైపు జనం పోకుండా ఆపాలని చేశాడు. ఉద్దేశం ఏదైతేనేం, మనకి పని జరిగింది.

ఇక సిక్ లీవ్. ఇక్కడికొచ్చిన కొత్తలో మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "ఏడాదికి ఎన్ని సిక్ లీవులు?" అని. లెక్క లేదండీ. ఒంట్లో బాగోలేకపోతే బాగోలేదు, అంతే. ఒక జబ్బుకి ఆరు వారాల వరకు కంపెనీయే పూర్తి జీతం ఇవ్వాలి. చేరి నాలుగు వారాలు దాటి ఉండాలి. ఆరు వారాలు దాటాక ఆరోగ్య బీమా సంస్థ, వీళ్ళు క్రాంకెన్‌కాసె అంటారు, గ్రాస్‌లో, అంటే కోతలకు ముందున్న జీతంలో, 70 శాతం ఇస్తుంది, చేతికొచ్చే జీతంలో 90 శాతానికి మించకుండా. అదే జబ్బుకి మూడేళ్ళలో మొత్తం 78 వారాల దాకా. సర్టిఫికెట్ పట్టుకుని హెచ్ఆర్ చుట్టూ తిరిగే పని కూడా లేదు. 2023 నుంచి డాక్టరు ఆన్‌లైన్లో క్రాంకెన్‌కాసెకి పంపేస్తే, కంపెనీ అక్కణ్ణుంచే తీసుకుంటుంది.

ఇది ఎవరో పిలిచి ఇచ్చింది కాదు. 1950లలో కూడా ఆఫీసులో కూర్చునేవాడికి జబ్బు చేస్తే జీతం వచ్చేది, ఫ్యాక్టరీ కార్మికుడికి వచ్చేది కాదు. 1956 అక్టోబర్లో ఉత్తరాన ష్లెస్విగ్-హోల్‌స్టైన్‌లో ఓడల కార్ఖానాల కార్మికులు, మెటల్ కార్మికులు సమ్మెకి దిగారు. గడ్డకట్టే చలిలో 114 రోజులు నిలబడ్డారు. ఆ మరుసటి ఏడాది చట్టంలో కొంత కదలిక వచ్చింది. ఆఫీసు ఉద్యోగితో పూర్తి సమానం కావడానికి 1969 దాకా ఆగాల్సి వచ్చింది. జ్వరమొచ్చి ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నా మీ జీతం పడుతోందంటే, వాళ్ళ పుణ్యమే.

మనవాళ్ళలో చాలామంది వాడుకోని హక్కు ఒకటుంది. సెలవు మీద ఇండియా వెళ్ళారు, హైదరాబాద్‌లో దిగగానే డెంగీ పట్టుకుంది. ఆ మంచం మీద గడిపిన రోజులు సెలవు కింద లెక్క కాదు, వెనక్కి వచ్చేస్తాయి. చట్టంలోనే ఉంది. కాకపోతే ఆ రోజే కంపెనీకి కబురు పెట్టాలి, ఎక్కడున్నారో అడ్రస్ కూడా చెప్పాలి. డాక్టరు సర్టిఫికెట్‌లో "డెంగీ" అని రాస్తే చాలదు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా పని చేయగల స్థితిలో లేరు అని రాయించుకోండి. ఆ వాక్యం లేకే చాలామంది సెలవులు పోగొట్టుకుంటారు.

పిల్లల సంగతి త్వరగా చెప్పేస్తాను. కాన్పుకి ముందు ఆరు వారాలు, తర్వాత ఎనిమిది వారాలు తల్లికి పూర్తి జీతం. తర్వాత తల్లిదండ్రులిద్దరూ పంచుకుంటే 14 నెలల దాకా చేతికొచ్చే జీతంలో సుమారు 65 శాతం ప్రభుత్వం ఇస్తుంది, నెలకు 1,800 యూరోలు మించకుండా. 2007లో పెట్టిన ఆ 1,800 సీలింగ్ ఇప్పటికీ అంగుళం కదల్లేదు, ధరలు మాత్రం ఎక్కడికో పోయాయి. బిడ్డకి మూడేళ్ళొచ్చేదాకా సెలవు పెట్టినా ఉద్యోగం మీ పేరు మీదే ఉంటుంది.

ఇప్పుడు ప్రైవేటు. ఏడాది జీతం ఒక పరిమితి దాటితే (2025లో అది 73,800 యూరోలు) ప్రభుత్వ పద్ధతి వదిలేసి ప్రైవేటు ఆరోగ్య బీమాకి మారొచ్చు. ఏజెంట్లు వెంటపడతారు. 28 ఏళ్ళ కుర్రాడికి ప్రీమియం తక్కువ, డాక్టర్ అపాయింట్‌మెంట్ తొందరగా దొరుకుతుంది, బాగానే ఉంటుంది. మెలిక పెళ్ళయ్యాక తెలుస్తుంది. ప్రభుత్వ క్రాంకెన్‌కాసెలో సంపాదన లేని భార్యకి, పిల్లలకి విడిగా కట్టక్కర్లేదు, మీ చందాలోనే వాళ్ళూ వచ్చేస్తారు. ప్రైవేటులో తలకో ప్రీమియం. వయసుతోపాటు అదీ పెరుగుతుంది. 55 దాటాక వెనక్కి రావాలంటే దారి దాదాపు మూసేసినట్టే. కుటుంబంతో స్థిరపడాలనుకునేవాళ్ళు ఆ వైపు పోకపోవడమే మంచిదని నా మాట.

మరి సర్కారీ కొలువు? ఆంధ్రాలో సీపీఎస్, అంటే ఉద్యోగి జీతంలోంచీ కోత పడే పెన్షన్ పథకం, రద్దు చేయాలని టీచర్లు ఎన్నేళ్ళు రోడ్డెక్కారో మీకు తెలుసు. జర్మనీలో ఆ పాత పెన్షన్ లాంటిది ఇంకా బతికే ఉంది. బెయాంటె అని శాశ్వత ప్రభుత్వోద్యోగుల వర్గం ఒకటుంది. ఒకే బడి, ఒకే స్టాఫ్ రూమ్, పక్కపక్క కుర్చీల్లో ఇద్దరు లెక్కల టీచర్లు. ఒకరు బెయాంటె: పెన్షన్ కోత లేదు, నిరుద్యోగ బీమా కోత లేదు, వైద్యం ఖర్చులో సగమో అంతకన్నా ఎక్కువో ప్రభుత్వమే భరిస్తుంది, 40 ఏళ్ళు చేస్తే చివరి జీతంలో 71.75 శాతం పెన్షన్. రెండోవారు మామూలు ఒప్పంద ఉద్యోగి: నాలుగు కోతలూ పడతాయి. పని ఒకటే, చేతికొచ్చేసరికి నెలకు కొన్ని వందల యూరోల తేడా. బెర్లిన్ 2004లో టీచర్లకి ఈ హోదా ఆపేసింది. టీచర్లు పక్క రాష్ట్రాలకి పోతుంటే తట్టుకోలేక 2023లో చట్టం చేసి మళ్ళీ తెచ్చింది. బెయాంటెకి ఒక్కటే లోటు, సమ్మె హక్కు లేదు. 2018లో రాజ్యాంగ న్యాయస్థానం కూడా లేదనే తేల్చింది.

కాబట్టి తమ్ముడూ, కంపెనీని పళ్ళ గురించి కాదు, రెండు విషయాలు అడుగు. టారిఫ్ ఒప్పందం, అంటే యూనియన్‌తో కుదుర్చుకున్న ఒప్పందం, వర్తిస్తుందా? చట్టం ప్రకారం వారానికి ఐదు రోజుల పనికి సెలవులు 20 రోజులే. ఒప్పందం ఉన్న మెటల్ పరిశ్రమలో 30, పశ్చిమ జర్మనీలో 1995 నుంచి వారానికి 35 గంటలే పని. రెండోది, కంపెనీ పెన్షన్‌లో వాళ్ళు ఎంత కలుపుతారు? నీ జీతంలోంచి మళ్ళించిన దానికి 15 శాతం కలపడం మామూలుగా చట్టం చెప్పేదే. అంతకు మించి ఇస్తే అది బెనిఫిట్.

చివరగా ఆ 372 యూరోల పెన్షన్ లైను. సగటు జీతం మీద ఏడాది పనిచేస్తే, ముసలితనంలో నెలకు 40.79 యూరోల హక్కు పుడుతుంది, 2025 జులై విలువ ప్రకారం. కనీసం ఐదేళ్ళ చందా ఉండాలి. భారత్, జర్మనీల మధ్య 2017 మే 1 నుంచి అమల్లో ఉన్న ఒప్పందం వల్ల, అర్హత చూసేటప్పుడు రెండు దేశాల్లో కట్టిన కాలాన్ని కలుపుతారు. అదే ఇండియా కంపెనీ డిప్యుటేషన్ మీద పంపి, మన పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌వో నుంచి కవరేజ్ సర్టిఫికెట్, అంటే ఇండియాలో పీఎఫ్ కడుతున్నట్టు పత్రం, తెస్తే, ఇక్కడ పెన్షన్ కోత ఉండదు. చేతికి ఎక్కువొస్తుందని సంబరపడే ముందు ఒకటి చూసుకో: బ్లూ కార్డ్ (చదువుకున్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) మీద ఉన్నవాళ్ళకి శాశ్వత నివాసం 27 నెలల పెన్షన్ చందాతో, జర్మన్ భాష బీ1 (మధ్యస్థ) స్థాయిలో వస్తే 21 నెలలతోనే వస్తుంది. వాళ్ళు లెక్కపెట్టేది ఆ 372 పడిన నెలల్నే.