పియానో ప్రైవేటు క్లాసులు ఎలా ఉండాలి? టీచర్ చెప్పే పద్ధతి మీద పూర్తి రివ్యూ

నమస్తే అండి. ప్రైవేటు పియానో టీచర్లు ఒక్కో పిల్లవాణ్ణి కూర్చోబెట్టి చెప్పే పద్ధతిని ఈ వీడియోలో రివ్యూ చేస్తున్నాం. క్లాసు వారానికి ఒక్కసారి, అరగంట. మిగతా ఆరు రోజులూ పిల్లవాడు ఇంట్లో ఒక్కడే వాయించుకోవాలి. ఆ ఆరు రోజులు ఏం చెయ్యాలో, ఎలా చెయ్యాలో నేర్పించే టీచరే మంచి టీచర్. మేం మార్కులు వేసేది దానికే.

ముందు వేళ్ల సంగతి. బొటనవేలు 1, చిటికెన వేలు 5. కుడిచేత్తో సీ మేజర్ స్కేల్ (సీ, డీ, ఈ, ఎఫ్, జీ, ఏ, బీ, సీ అనే తెల్లమెట్ల వరస) పైకి వెళ్లేటప్పుడు వేళ్లు 1-2-3-1-2-3-4-5. మూడో వేలు అయ్యాక బొటనవేలు అరచేతి కిందనుంచి దూరి ఎఫ్ మీదికి రావాలి. చాలామందికి తేడా వచ్చేది ఇక్కడే. మోచెయ్యి బయటికి పొడుచుకొస్తుంది, ఎఫ్ ఒక్కటే గట్టిగా మోగుతుంది. ఎందుకంటే బొటనవేలు చివరి క్షణందాకా కదలకుండా ఉండి, ఒక్కసారిగా గెంతుతుంది. రెండో వేలు డీ నొక్కుతుండగానే బొటనవేలు లోపలికి కదలడం మొదలెట్టాలి. తెలిసిన టీచర్ మొత్తం స్కేల్ మళ్లీ మళ్లీ వాయించమనరు. ‘ఈ’, ‘ఎఫ్’ అనే రెండు మెట్లే తీసుకుని, 3-1-3-1 అని నిదానంగా పదిసార్లు చేయిస్తారు. ఎఫ్ నుంచి మొదలయ్యే ఎఫ్ మేజర్‌కి వచ్చేసరికి లెక్క మారుతుంది: 1-2-3-4-1-2-3-4. నాలుగో స్వరం బీ ఫ్లాట్, నల్లమెట్టు. దాని మీద బొటనవేలు పడకూడదనే ఈ మార్పు. ఈ కారణం చెప్పకుండా నంబర్లు బట్టీ పట్టిస్తే, పిల్లలు వారం తిరిగేసరికి మర్చిపోతారు.

మెట్ల మీద సీ, డీ, ఈ అని స్టిక్కర్లు అంటించే టీచర్లున్నారు. మేం దీన్ని అస్సలు ఒప్పుకోం. కళ్లు మెట్ల మీదే ఉండిపోతాయి, స్వరాలు రాసిన కాగితం మీదికి వెళ్లవు. నోట్ల కింద అక్షరాలు రాసిచ్చినా అంతే, పిల్లలు అక్షరాలు చదువుతారు గానీ గీతలు చూడరు. మిడిల్ సీ (పియానో మధ్యలో ఉండే సీ), కాగితం మీద పై ఐదు గీతల్లో జీ, కింది ఐదు గీతల్లో ఎఫ్, ఈ మూడూ గుర్తుంటే చాలు. మిగతావి అక్కణ్ణుంచి ఎన్ని మెట్లు పైకి, ఎన్ని కిందికి అని లెక్కపెట్టుకుంటూ చదవాలి. మొదట్లో నెమ్మదిగా సాగుతుంది, కంగారు పడకండి.

కర్ణాటక సంగీతం నేర్చుకున్న పిల్లలకి ఇంకో చిక్కుంది. సీ అంటే ‘స’ అని మనసులో ముద్ర పడిపోతుంది. ఐదు శృతిలో శంకరాభరణం ఆరోహణ పట్టుకోమనండి, ‘స’ జీ మీద ఉంటుంది, కాకలి నిషాదం (పై ‘ని’) ఎఫ్ షార్ప్ అనే నల్లమెట్టు మీద పడుతుంది. అదే జీ మేజర్. ఈ ఒక్కటి చూపించగలిగిన టీచర్ దొరికితే, పిల్లవాడికి అంతకుముందు వచ్చిన సంగీతం వృథా పోదు.

ఇక ఇంటి ప్రాక్టీసు. నాలుగు బార్లు (కాగితం మీద రెండు నిలువు గీతల మధ్య ఉండే ముక్కలు) తీసుకోవాలి. ముందు కుడిచెయ్యి, తర్వాత ఎడమచెయ్యి, మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) 60 మీద, అంటే నిమిషానికి 60 దెబ్బలు. వరసగా మూడుసార్లు తప్పు లేకుండా వస్తేనే 64. రెండు చేతులూ కలిపినప్పుడు వేగం మళ్లీ సగానికి దించాలి. దాన్ని వెనకబడటం అనుకోకండి, అలాగే చెయ్యాలి. ఒకే చోట పదేపదే తడబడుతుంటే, అది తరచూ ఒక బారు ముగిసి ఇంకోటి మొదలయ్యే చోటే అవుతుంది. బారు చివర ఆపేసి ప్రాక్టీసు చెయ్యడం వల్ల ఆ అతుకు చేతికి అలవాటు కాదు. అందుకే ఎప్పుడు ఆపినా, తర్వాతి బారు మొదటి నోటు వాయించాకే ఆపమనాలి.

పరీక్షల మాట కూడా చూద్దాం. ఏబీఆర్‌ఎస్‌ఎం (లండన్‌లోని సంగీత పరీక్షల బోర్డు) ప్రాక్టికల్ పరీక్ష 150 మార్కులకి, పాసవ్వడానికి 100 రావాలి. ముందే నేర్చుకొచ్చి వాయించే మూడు పీసులకి 90. మిగతా 60 స్కేల్స్, సైట్ రీడింగ్ (కొత్త కాగితం చూసి అప్పటికప్పుడు వాయించడం), ఆరల్ (విని గుర్తుపట్టడం)కి. ఏడాదంతా ఆ మూడు పీసులే రుద్దించే టీచర్ దగ్గర పిల్లవాడు పాసవ్వచ్చు, కానీ కొత్త కాగితం ముందు పెడితే ఒక్క లైను కూడా వాయించలేడు. రోజూ ఐదు నిమిషాలు కొత్త పీసు చదివించే టీచర్నే చూసుకోండి.

వాయిద్యం 88 మెట్లది, బరువున్న మెట్లది ఉండాలి. 61 మెట్ల కీబోర్డు మొదటి నెలలకి ఫర్వాలేదు గానీ, మెట్లు తేలిగ్గా ఉంటే నొక్కే బలాన్ని అదుపు చెయ్యడం వేళ్లకి అలవాటు కాదు. కూర్చున్నప్పుడు మోచెయ్యి మెట్ల ఎత్తుకి సమానంగా ఉండాలి. చిన్నపిల్లల పాదాలు గాల్లో వేలాడకుండా కింద పీట వెయ్యండి.

ట్రయల్ క్లాసు అయ్యాక పిల్లవాడి నోట్‌బుక్ తీసి చూడండి. ‘పన్నెండో పేజీ ప్రాక్టీస్ చెయ్యి’ అని మాత్రమే ఉంటే వేరే టీచర్ని వెతకండి. ఏ బార్లు, ఏ చెయ్యి, ఏ వేగం, ఎన్నిసార్లు అని రాసుంటే ఫీజు కట్టేయండి.