ఒక్క పొట్టేలు లెక్క

(చీపురుపల్లిలో గొర్రెల పెంపకందారుల సమావేశంలో ఒక విశ్రాంత పశువైద్యుడి ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే ముగ్గురు చదివారు. నాలుగోసారి నేను చదవను, మన్నించాలి. నాకిచ్చిన అంశం కంప్యూటర్ నమూనాలతో జన్యు వైవిధ్య రక్షణ. నా నోటికి మాత్రం ఒక పొట్టేలే వస్తోంది.

30 ఏళ్ల కిందట రాజాం దగ్గర ఒక ఊళ్లో చూశాను దాన్ని. గున్న ఏనుగులా ఉండేది. "విత్తనానికి దీన్ని మించింది లేదు" అని పదిమంది ముందు అన్నది నేనే. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దాని పిల్లలనే విత్తనపు పొట్టేళ్లుగా పెట్టుకున్నారు. ఏడెనిమిదేళ్లకు కింది దవడ పొట్టిగా ఉన్న పిల్లలు పుట్టసాగాయి. చన్ను నోటికి అందినా పట్టు దొరక్క జారిపోయేది. నేను మేతలో లోపమన్నాను, ఖనిజ లవణాల పొడి రాశాను. ఒక ముసలమ్మ పిల్లకు దూదితో పాలు పిండుతూ, తలెత్తకుండానే అడిగింది: "బాబూ, మేనరికాలు మనుషులకే వద్దంటారు కదా, వీటికి పరవాలేదా?"

నేను పుస్తకాలు తిరగేసింది ఆ తరువాతే.

100 జీవాల మందలో పొట్టేలు ఒక్కటే అయితే, జన్యువుల లెక్కలో ఆ మంద 4 జీవాలతో సమానం. అవును, నాలుగే! పుట్టే ప్రతి పిల్లకూ సగం వాటా ఆ ఒక్కదాని నుంచే రావాలి మరి. తరానికి ఎనిమిదో వంతు వైవిధ్యం పోతుంది. పొట్టేళ్లు 10, ఆడవి 90 ఉంటే అదే లెక్క 36కు చేరుతుంది. తలలు మాత్రం రెండు చోట్లా వందే.

కంప్యూటర్ ఆడేది చింతగింజల ఆట. ఇదిగో, ఒక పక్క అరగదీసిన గింజ, జేబులో తెచ్చాను. తండ్రి దగ్గర ఒక జన్యువుకు రెండు రూపాలున్నాయనుకోండి, పిల్లకు వెళ్లేది ఒకటే. తెలుపా, నలుపా? పిల్లలు మూడే అయితే మూడుసార్లూ ఒకే రంగు పడే అవకాశం నాలుగింట ఒకటి. పడిందా, రెండో రూపం ఆ పొట్టేలుతోపాటే సంతకు పోతుంది. వోర్టెక్స్ లాంటి ప్రోగ్రాం ప్రతి ఈతకూ ఇలా గింజ వేస్తూ, కరువులూ రోగాలూ కలిపి, వందేళ్ల మందను వెయ్యిసార్లు నడిపి చూపుతుంది. తప్పు చేసినా అక్కడ ఒక్క పిల్లా చావదు. నాకు ఆ అదృష్టం లేకపోయింది.

అమెరికాలోని ఫ్లోరిడాలో ప్యూమాలనే పెద్ద అడవి పిల్లులు ఇరవై ముప్పైకి పడిపోయి, వంకర తోకలతో, గుండె లోపాలతో పుట్టేవి. 1995లో టెక్సాస్ నుంచి 8 ఆడవాటిని తెచ్చి వదిలాక మంద మళ్లీ పెరిగింది. మనకు టెక్సాస్ అక్కర్లేదు, పక్క మండలం చాలు.

చీటీ వచ్చింది, సమయం అయిపోయిందట. ఒక్క మాట. మీ విత్తనపు పొట్టేలు మీ మందలోనే పుట్టినవారు చేతులెత్తండి. అమ్మో, ఇంతమందా! భోజనానికి లేచే ముందు దాని తండ్రి ఏ ఊరిదో, ఎన్నేళ్లుగా మందలో ఉంచారో నాకు చెప్పి వెళ్లండి. రాసుకోవడానికి పుస్తకం తెచ్చాను.