బడ్జెట్ గేమింగ్ పీసీకి గ్రాఫిక్స్ కార్డ్: ముందు క్యాబినెట్ మూత తీయండి

నమస్తే అండీ. టేబుల్ మీద ఈ చిన్న కార్డ్ చూశారా? అరచేతిలో పట్టేస్తుంది. ఫ్యాన్ అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, అంతే. దీని పేరు జీటీ 730. జీటీఏ ఫైవ్ పీసీకి వచ్చిన కొత్తలో, కాలేజీ రోజుల్లో, నా సొంత డబ్బుతో కొన్న మొదటి గ్రాఫిక్స్ కార్డ్. డబ్బా మీద ఇంత పెద్ద అక్షరాలతో 4 జీబీ అని ఉండేది. షాపాయన "2 జీబీది ఎందుకు తమ్ముడూ, ఇంకొంచెం వేసుకుని 4 జీబీ తీసుకో, ఐదేళ్లు చూసుకోనక్కర్లేదు" అన్నాడు. వేసుకున్నాను. ఇంటికొచ్చి గేమ్ పెడితే కారు ముందుకెళ్తోంది, రోడ్డు రావట్లేదు. నిజంగానే! నేను వంతెన మీదికి వెళ్లిపోయాను, వంతెన ఇంకా లోడ్ అవుతోంది.

తప్పు ఎక్కడ జరిగిందో చాలా రోజులకి గానీ నాకు అర్థం కాలేదు. ఇంటి మీద ట్యాంకు వెయ్యి లీటర్లదే అనుకోండి, కిందికి వచ్చే పైపు అరంగుళందైతే ఏం లాభం? బకెట్ నిండేసరికి ఆఫీసు టైమ్ అయిపోతుంది. కార్డ్ మీద కనిపించే జీబీ లెక్క ట్యాంకు. పైపు సంగతి డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. మెమరీ రకం డీడీఆర్3నా, డీడీఆర్4నా, జీడీడీఆర్6నా, డేటా దారి వెడల్పు ఎన్ని బిట్లు అన్నది అక్కడ చూడాలి. జీటీ 1030 అని ఇంకో కార్డ్ ఉంది. ఒకే పేరుతో రెండు రకాలు అమ్మారు. జీడీడీఆర్5 రకంలో సెకనుకు 48 జీబీ డేటా పారుతుంది. డీడీఆర్4 రకంలో 16.8 మాత్రమే. రెండింటి మీదా 2 జీబీ అనే ఉంటుంది. ఈ వీడియోలో తర్వాత చెప్పబోయే ఆర్‌ఎక్స్ 6600లో అదే లెక్క 224. కాబట్టి జీటీ 710, 730, 1030, ఇవేవీ గేమింగ్‌కి వద్దు. మానిటర్‌లో బొమ్మ రావడానికి పనికొస్తాయి, అంతవరకే.

ఈరోజు మన లెక్క 20 వేల చుట్టుపక్కల. రూపాయలతో సహా ధరలు చెప్పమని కామెంట్స్‌లో అడుగుతుంటారు గానీ నేను చెప్పను. 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు ఎగబాకుతున్నాయి, ఇవాళ నేను చెప్పిన రేటు పట్టుకుని వచ్చే నెల మీరు షాపుకెళ్తే నన్నే తిట్టుకుంటారు. ఏ కార్డ్ అన్నది కూడా ఇప్పుడే చెప్పను. ముందు మీ క్యాబినెట్ పక్క మూత తీయండి. స్విచ్ ఆపేసి, ప్లగ్ పీకేసి.

ఇది మా పిన్ని కొడుకు పీసీలోంచి తీసిన, పీసీ అంతటికీ కరెంటు ఇచ్చే డబ్బా, ఎస్‌ఎంపీఎస్. క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చింది. కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను, చూడండి. పైన 450 వాట్లు అని గొప్పగా ఉంది. దాన్ని వదిలేయండి. కింద చిన్న పట్టీ ఉంది కదా, అందులో ప్లస్ 12 వోల్టులు అనే గడి చూడండి. దాని కింద 16 ఆంపియర్లు. 12ని 16తో గుణిస్తే 192 వాట్లు. ప్రాసెసర్ అయినా, గ్రాఫిక్స్ కార్డ్ అయినా ప్రధానంగా తినేది ఈ 12 వోల్టుల లైన్ నుంచే. మరి ఆ 450 ఎక్కడి నుంచి వచ్చింది? 3.3 వోల్టులు, 5 వోల్టులు, అన్నీ కూడి, పైన ఇంకాస్త ఉదారంగా వేసుకున్నారు. ఆర్‌ఎక్స్ 6600 ఒక్కదానికే 132 వాట్లు కావాలి. ప్రాసెసర్ కూడా గట్టిగా పనిచేసే సమయానికి మనం అంచు మీద నిలబడి ఉంటాం. గేమ్ మధ్యలో పీసీ ఠక్కున ఆగిపోయి మళ్లీ ఆన్ అవుతోందంటే చాలాసార్లు కారణం ఇదే. జనం కార్డ్‌ని అనుమానిస్తారు పాపం.

ఇంకో సంగతి. మదర్‌బోర్డు స్లాట్ నుంచి కార్డ్‌కి గరిష్ఠంగా 75 వాట్లు వస్తాయి. అంతకు మించి కావాలంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా వైరు రావాలి. 6 పిన్ వైరు ఇంకో 75 ఇస్తుంది, 8 పిన్ వైరు 150. మీ ఎస్‌ఎంపీఎస్‌లో ఈ వైర్లు అసలు లేకపోతే, పాత హార్డ్‌డిస్క్‌కి వాడే నాలుగు పిన్నుల వైర్లని 8 పిన్‌గా మార్చే కన్వర్టర్ ఒకటి వంద రూపాయలకో ఎంతకో దొరుకుతుంది. దయచేసి వాడకండి. నా దగ్గరికి వచ్చిన ఒక పీసీలో ఆ కన్వర్టర్ ప్లాస్టిక్ కరిగి పిన్నులకి అతుక్కుపోయింది. కార్డ్ బతికింది, అది అదృష్టం. ఆ వైరు లేదంటే ఈ కార్డ్‌కి నేను చాలను అని ఎస్‌ఎంపీఎస్ మీకు మర్యాదగా చెబుతున్నట్టే.

యూపీఎస్ కూడా చూసుకోండి. మన ఇళ్లల్లో ఎక్కువగా ఉండేది 600 వీఏది, దాని మీద చాలావాటికి 360 వాట్లు అని ఉంటుంది. బ్యాటరీ పాతబడితే అదీ మోయలేదు. కరెంటు పోగానే గేమ్ సేవ్ చేసుకునే టైమ్ కూడా ఇవ్వదు.

ఇప్పుడు టేపు తీసుకోండి. స్లాట్ దగ్గర నుంచి క్యాబినెట్ ముందు భాగం దాకా ఎన్ని సెంటీమీటర్లు ఉందో కొలిచి రాసుకోండి. ఆఫీసుల నుంచి తీసేసిన సన్నటి రీఫర్బిష్డ్ పీసీలు వాడేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. వాటిలో మామూలు ఎత్తు కార్డే పట్టదు, లో ప్రొఫైల్ అని సగం ఎత్తువి తీసుకోవాలి. ఎస్‌ఎంపీఎస్ కూడా చాలావాటిలో ఆ కంపెనీ సొంత సైజుది, మార్చడం కష్టం.

సరే, కార్డుల దగ్గరికి వద్దాం.

మీ పీసీలో 8 పిన్ వైరు లేదు, ఎస్‌ఎంపీఎస్ మార్చే వీలూ లేదు అనుకోండి. అప్పుడు ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3050, 6 జీబీది. 2024 ఫిబ్రవరిలో వచ్చింది, 70 వాట్లతో స్లాట్ నుంచే నడుస్తుంది, లో ప్రొఫైల్‌లో కూడా దొరుకుతుంది. కొన్ని కంపెనీలు దీనికి కూడా పవర్ పిన్ పెడతాయి, ఫొటోలో పై అంచు చూసి కొనండి. అయితే ఇక్కడొక తిరకాసుంది. 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050, 8 జీబీది వేరే కార్డ్. దాంట్లో లెక్కలు చేసే కోర్లు 2560, మెమరీ దారి 128 బిట్లు. ఈ 6 జీబీదాంట్లో 2304 కోర్లు, 96 బిట్లు. పేరు మాత్రం రెండింటికీ ఒకటే. ఆన్‌లైన్‌లో రివ్యూ ఒకదానిది చూసి కార్డ్ ఇంకోటి కొన్నవాళ్లు బోలెడుమంది.

8 పిన్ వైరు ఉంది, లేదా మంచి ఎస్‌ఎంపీఎస్‌కి ఓ మూడు నాలుగు వేలు తీయగలరు అంటే, నా ఓటు ఏఎండీ ఆర్‌ఎక్స్ 6600కే. 2021 అక్టోబర్‌లో వచ్చింది, 8 జీబీ జీడీడీఆర్6. పాతదే. కానీ 1080పీ మానిటర్‌కి ఈ బడ్జెట్‌లో ఇంత ఇచ్చేది ఇంకోటి కొత్తగా దొరకడం కష్టం, 3050 రెండు రకాలనీ దాటేస్తుంది. ఎస్‌ఎంపీఎస్ డబ్బు కూడా ఆ 20 వేలలోంచే పక్కన పెట్టండి అంటే కొంతమందికి మనసొప్పదు. ఆ డబ్బుతో ఇంకో మెట్టు పెద్ద కార్డ్ వస్తుంది కదా అంటారు. వస్తుంది. మా పిన్ని కొడుకు ఎస్‌ఎంపీఎస్ మీద దాన్ని నడపడమే కుదరదు.

ఒకటి మాత్రం చెప్పాలి. మీరు ఆడేది వ్యాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 మాత్రమే, మానిటర్ కూడా 60 హెర్ట్‌జ్‌ది అయితే అసలు ఇంత కార్డ్ కూడా అక్కర్లేదేమో ఆలోచించండి. కొత్త పీసీ కట్టుకుంటున్నవాళ్లయితే రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్‌లో లోపలే ఉండే గ్రాఫిక్స్‌తో సెట్టింగ్స్ తగ్గించి వ్యాలరెంట్ హాయిగా ఆడొచ్చు. ర్యామ్ మాత్రం రెండు స్టిక్కులుగా వేయాలి, ఒక్కటే వేస్తే మళ్లీ ఆ అరంగుళం పైపు కథే.

అదే కొత్త పెద్ద గేమ్‌లు ఆడాలంటే ఇంకో చిక్కుంది. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఇండియానా జోన్స్ గేమ్, 2025లో వచ్చిన డూమ్ ద డార్క్ ఏజెస్, ఈ రెండూ రే ట్రేసింగ్ (వెలుగు, నీడలు నిజంలా లెక్కగట్టే పద్ధతి) హార్డ్‌వేర్ లేని కార్డ్ మీద తెరుచుకోవు. సెట్టింగ్స్ తగ్గించుకుందాంలే అనడానికి లేదు. అందుకే జీటీఎక్స్ 1650, 1660 సూపర్ ఎంత చవగ్గా వచ్చినా నాకు వెనకాడబుద్ధవుతుంది. 6600లో ఆ హార్డ్‌వేర్ ఉంది. గొప్పగా కాదు, ఉంది.

ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ గురించి ఒక్క నిమిషం. చవగ్గా కనిపిస్తుంది, పేరు చివర ఎక్స్‌టీ కూడా ఉంది. కానీ 4 జీబీ, మదర్‌బోర్డుతో మాట్లాడటానికి నాలుగే లేన్లు, అంటే డేటా దారులు. మీ బోర్డు స్లాట్ పాత తరం పీసీఐఈ 3.0ది అయితే ఆ నాలుగు కూడా సగం వేగంతోనే. పైగా వీడియో ఎన్‌కోడర్ లేదు, అంటే గేమ్ ఆడుతూ యూట్యూబ్‌లో లైవ్ పెడదామనుకుంటే ఆ భారమంతా ప్రాసెసర్ మీదే. పక్కన పెట్టేయండి.

బడ్జెట్ ఇంకాస్త సాగుతుందంటే ఇంటెల్ ఆర్క్ బీ580 ఉంది, 12 జీబీ, 2024 డిసెంబర్‌లో 249 డాలర్లకి విడుదల చేశారు. కార్డ్ బాగుంది. కానీ మదర్‌బోర్డు బయోస్‌లో (పీసీ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగ్స్) రీసైజబుల్ బార్ అనే, కార్డ్ మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునే ఆప్షన్ ఆన్‌లో ఉండాలి, ప్రాసెసర్ కూడా కొత్తదై ఉండాలి. నాలుగో తరం ఐ5 రీఫర్బిష్డ్ పీసీలో దీన్ని పెట్టడమంటే ఎడ్లబండికి ట్రాక్టర్ ఇంజన్ కట్టడమే. గేమింగ్‌తో పాటు బ్లెండర్, ఏఐ పనులు కూడా చేసేవాళ్లు ఎన్విడియా వైపే చూడండి, ఆర్‌టీఎక్స్ 5050 గానీ 4060 గానీ. ఆ పనుల్లో 6600 వెనకబడుతుంది, దాచడం దేనికి.

అమెరికాలో ఉన్న అన్నయ్య డిసెంబర్‌లో వస్తున్నాడు, తెమ్మననా అని ప్రతి వీడియో కింద ఒకరైనా అడుగుతారు. ఆ డాలర్ రేటు మీద అక్కడి సేల్స్ ట్యాక్స్ వేరే. అంతకన్నా ముఖ్యం, అక్కడ కొన్న కార్డ్ ఇక్కడ పాడైతే వారంటీ వర్తిస్తుందో లేదో ఆ కంపెనీ ఇండియా సపోర్ట్‌ని ముందే అడగండి. చాలాసార్లు కుదరదంటారు. అన్నయ్యని చాక్లెట్లు తెమ్మనండి.

ఇక సెకండ్ హ్యాండ్. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్తారో, ఆన్‌లైన్‌లో చూసి ఎవరింటికో వెళ్తారో, ఎక్కడైనా సరే, కార్డ్ మీ కళ్ల ముందు పీసీలో పెట్టి నడిపి చూపించాలి. 2022 సెప్టెంబర్ 15న ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ ఆగిపోయాక వేల గంటలు పనిచేసిన కార్డులన్నీ మార్కెట్లోకి వచ్చిపడ్డాయి. మైనింగ్ కార్డ్ అనగానే పారిపోనక్కర్లేదు, చూసుకుని కొనాలి.

ఎలా చూడాలో ఈ పాత కార్డ్ మీద చూపిస్తాను. ముందు వేలితో ఫ్యాన్ తిప్పండి. తిరుగుతూ అటూ ఇటూ ఊగితే బేరింగ్ అరిగింది. స్క్రూల తలలు చూడండి, గీతలు పడి ఉంటే ఎవరో విప్పారు. చిప్ వేడిని లాగే పేస్ట్ మార్చడానికి విప్పితే మంచిదే, ఎందుకు విప్పారో అడగండి. ఇప్పుడు టార్చ్ వేసి పక్క నుంచి చిప్ అంచుల్లోకి చూడండి. పసుపు రంగు జిగురు మరక లాంటిది ఉంటే హీట్‌గన్ పెట్టి బాగుచేశారన్నమాట, వదిలేసి వచ్చేయండి. వాసన కూడా చూడండి. నవ్వకండి, కాలిన బోర్డు వాసన తెలిసిపోతుంది.

తర్వాత పీసీలో పెట్టి జీపీయూ-జెడ్ తెరవండి. చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లండి. పాత చిప్‌కి బయోస్ (కార్డ్ లోపలి సాఫ్ట్‌వేర్) మార్చి 1050 టీఐ అని అమ్మేవి ఉన్నాయి, అలాంటివాటిని పట్టుకుంటే ఇది పేరు ముందే ఫేక్ అని చూపిస్తుంది. ఆర్‌ఎక్స్ 580 అయితే షేడర్ల (చిప్‌లోని లెక్కల యూనిట్ల) గడి చూడండి. 2304 ఉంటే అసలుది. 2048 ఉంటే 2018లో చైనా మార్కెట్ కోసం తెచ్చిన రకం, పేరుకి 580, షేడర్ల లెక్కలో 570. ఆ ధరకే బేరమాడండి. చివర్లో కార్డ్‌ని పూర్తి బరువుతో పనిచేయించే ఫర్‌మార్క్ సాఫ్ట్‌వేర్ పెట్టి పావుగంట కూర్చోండి. టీ ఇస్తే తాగండి. తెర మీద రంగు చుక్కలు, గళ్లు వచ్చినా, టెంపరేచర్ 85 దాటి ఇంకా ఎక్కుతూనే ఉన్నా వద్దు. జీటీఎక్స్ 1060, 1070 లాంటి 10 సిరీస్ కార్డులకి కొత్త గేమ్‌ల డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆగిపోయాయి, ఇకపై సెక్యూరిటీ అప్‌డేట్లే. బేరంలో ఆ మాట కూడా వాడుకోండి.

బిగించడం గురించి పెద్దగా చెప్పను. పాత డ్రైవర్ తీసేయండి, కార్డ్‌ని స్లాట్‌లో క్లిక్ అనేదాకా నొక్కండి, 8 పిన్ వైరు పెట్టండి, స్క్రూ వేయండి. ఇంతే. అయినా మా పిన్ని కొడుకు, కొత్త ఎస్‌ఎంపీఎస్, కొత్త 6600 తనే బిగించుకున్న రోజు, రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు.

"అన్నా, కార్డ్ చచ్చిపోయింది. నో సిగ్నల్ అంటోంది."

"ఫ్యాన్లు తిరుగుతున్నాయా?"

"తిరిగి ఆగిపోతున్నాయి." అది మామూలే, చల్లగా ఉన్నప్పుడు ఫ్యాన్లు ఆపుకునే కార్డులు చాలా ఉన్నాయి.

"హెచ్‌డీఎంఐ కేబుల్ ఎక్కడ పెట్టావురా?"

వాడిది ఐ3 12100ఎఫ్. చివర ఎఫ్ ఉంటే ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండవు, మదర్‌బోర్డు పోర్టులో ఏం పెట్టినా బొమ్మ రాదు. వాడు అక్కడే పెట్టాడు. ఎందుకంటే కొత్త కార్డ్ పోర్టులన్నింటికీ నల్లటి ప్లాస్టిక్ మూతలు ఉన్నాయి. వెనక తడుముకుంటే ఖాళీగా దొరికింది మదర్‌బోర్డుదొక్కటే. మూత పీకి పెట్టమన్నాను. ఒక్క నిమిషం ఏ చప్పుడూ లేదు. తర్వాత విండోస్ సౌండ్ వినబడింది, వాడు థ్యాంక్స్ కూడా చెప్పకుండా ఫోన్ పెట్టేశాడు.